గంజి నూలుతో కట్టిన బోర్డు

మొన్న హనుమకొండలో తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు, ఇంజనీరింగు చదువుతున్న వాడి మనవరాలు బల్ల నిండా చిన్నచిన్న భాగాలు పరచుకుని, సింథసైజరు అనే విద్యుత్ వాద్యానికి కావలసిన మాడ్యూళ్లను స్వయంగా తయారు చేసుకుంటూ కనిపించింది. ఒక్కొక్క మాడ్యూలుకు ముందు ఒక అల్యూమినియం ప్యానెల్, దానికి నాబ్‌లు, వెనుక సర్క్యూట్ బోర్డు. నాబ్‌ల కంట్రోళ్లను ఆమె నేరుగా బోర్డుకు సోల్డర్‌తో అతికించబోతుంటే చూసి ఊరుకోలేక ఆపాను. ముందు వాటిని ప్యానెల్ రంధ్రాల్లో నిలిపి నట్లు బిగించాలి, వాటిపై బోర్డును కూర్చోబెట్టాలి, ఆ తరువాతనే సోల్డర్ పెట్టాలి. లేకుంటే వెంట్రుకవాసి తేడా వచ్చినా నాబ్‌లు తొడిగే కడ్డీలు ప్యానెల్ రంధ్రాల్లోకి దిగవని చెప్పాను. "తాతా, ఇవన్నీ నీకెట్ల ఎరుక?" అని ఆమె నవ్వింది. ఆమెకు రెండు మాటల్లో జవాబు చెప్పి తప్పించుకున్నాను గాని, రేడియో వెనుక అట్ట విప్పి లోపలికి తొంగిచూసిన నా ఈడు పాఠకులకు మొత్తం చెప్పుకోవాలనిపిస్తున్నది.

మాది నేతపనివాళ్లు ఉండే కొత్తవాడ. నాయిన జంపఖానాలు నేసేవాడు. అమ్మ నూలు కండెలు చుట్టేది. మా వంశంలో కాలేజీ గడప తొక్కి పట్టా పుచ్చుకున్నవాళ్లలో నేనే మొదటివాడిని కావడం వల్ల నేను ఆఫీసరునై తిరిగివస్తానని వాడకట్టంతా ఎదురుచూసింది. తీరా నేను రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణంలో కుదిరినప్పుడు, ఇంత చదివి స్క్రూడ్రైవరు పట్టుకున్నాడేమని వాళ్లు జాలిపడ్డారు. ఆ జాలిలోనూ ప్రేమే ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఎందుకంటే చెడిపోయిన రేడియోలన్నీ వాళ్లు నాకే తెచ్చి ఇచ్చేవారు.

మా అక్క చిన్ననాటి నుంచి మా చర్చిలో హార్మోనియం వాయించేది. ఒక ఎండాకాలం ఆమెకు పెద్ద జ్వరం వచ్చి, దవాఖానలో చాలా రోజులు ఉండి బయటపడింది గాని, ఎడమ చేతిలో సత్తువ మాత్రం తిరిగి రాలేదు. హార్మోనియానికి కుడి చేయి ఎంత ముఖ్యమో, వెనుక తిత్తి ఆడించే ఎడమ చేయీ అంతే ముఖ్యం. రెండు చరణాలు కాకముందే ఆమె చేయి వాలిపోయేది, పాట నీరసించేది. పాటల బృందానికి పెద్దగా ఉన్న ఆయనను మేము వరుస కలిపి పెదనాయిన అని పిలిచేవాళ్లం. ఆయన కఠినుడు కాడు. ఒక ఆదివారం ఆరాధన అయిన తరువాత, "నువ్వు పాడు బిడ్డా, వాయించుడు కొత్త సంవత్సరం నుంచి ఇంకొకలకు అప్పజెప్దాం" అని మెల్లగానే అన్నాడు. అక్క తల ఊపింది. ఇంటికి వచ్చి, మంచం పట్టె మీద కుడి చేతి వేళ్లు ఆడిస్తూ సాయంత్రం దాకా కూర్చున్నది.

తిత్తి ఆడించలేని చేయి నాబ్ తిప్పగలదు కదా అన్న ఆలోచన నాకు ఆ సాయంత్రమే కలిగింది. పాత పత్రికల్లో చూసిన సర్క్యూట్లను ఆధారం చేసుకుని, స్వరాన్ని పుట్టించే మాడ్యూలు ఒకటి, దాని గొంతును మెత్తగానో గట్టిగానో మార్చే మాడ్యూలు మరొకటి తయారు చేసి, ఒక పాడైన హార్మోనియం మెట్లకు వైర్లు కలిపాను. పరికరం పలికింది. తొలిసారి విన్నప్పుడు అక్క, "ఏందిరా, ఇది పాడుతాందా, పిల్లి లెక్క ఏడుస్తాందా?" అన్నది గాని, వేళ్లు మాత్రం మెట్ల మీది నుంచి తీయలేదు.

చిక్కంతా బోర్డును ప్యానెల్‌కు నిలపడంలో వచ్చింది. ఒక అంచు నాబ్‌ల నట్లతో గట్టిగానే నిలిచేది, రెండవ అంచు గాలిలో ఊగేది. అది ఊగితే స్వరం జారేది. ఇప్పుడు తమ్ముడి మనవరాలి బల్ల మీద గుప్పెడు ఉన్న, బోర్డును ప్యానెల్‌కు ఎడంగా నిలిపే ఇత్తడి స్పేసర్లు అప్పట్లో మాకు దొరకలేదు. పొడవైన బోల్టులు వేసి చూస్తే అవి బోర్డు మీది రాగి గీతలకు తగిలి పరికరం మూగబోయేది. మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చిన నాయిన అంతా చూసి, ఇనుము పనికిరాకుంటే నూలుతో కడదాం, నూలుకు కరెంటు పారదు గదా అన్నాడు. నాకు అది శాస్త్రసమ్మతంగానే తోచింది. ప్యానెల్‌కు, బోర్డుకు నడుమ జంపఖానా ముక్కను మడిచి పెట్టి, గంజి పట్టించి బిగువెక్కిన పడుగు నూలుతో ఆయన మగ్గం ముడులు వేసి కట్టాడు. "ఏనుగు గుంజినా ఊడది" అన్నాడు. నిజంగానే కదలలేదు. చదివిన నేను గాని, నేసే నాయిన గాని గంజి సంగతి మాత్రం తలచలేదు.

అంతటినీ వెనుక వైపు తెరిచి ఉన్న ఒక పెట్టెలో అమర్చి, క్రిస్మస్‌కు కొన్ని రోజుల ముందే చర్చి వెనుక గదిలో ఉంచాము. పండుగ ఉదయం దాన్ని తెచ్చి ముందు నిలిపేసరికి చర్చి నిండిపోయింది. మొదటి పాట హాయిగా సాగింది. అక్క ముఖంలో జ్వరానికి ముందరి వెలుగు చూశాను. రెండవ పాట మధ్యలో స్వరం జారడం మొదలైంది. వెనుక గదిలో ఎలుకలు గంజి రుచి మరిగి నూలును కొరికేశాయని, చివరి పోగులు అప్పుడే తెగాయని తరువాత తెలిసింది. అక్క ఆగలేదు. అందులో పారేది కొద్దిపాటి కరెంటే గనుక జంకకుండా, ఎడమ చేయి వెనుకకు పోనిచ్చి బోర్డును జంపఖానా ముక్కకు అదిమిపట్టి, కుడి చేత్తో వాయించసాగింది. ఒక చరణం నిలిచింది. తరువాత ఆ చేయి వణకడం, దానితో పాటు స్వరమూ వణకడం అందరికీ వినిపించింది. స్త్రీల వరుసల్లో అమ్మ కళ్లు మూసుకున్నది. నేను లేచేలోగా పెదనాయిన ముందు వరుస నుంచి లేచి వచ్చాడు. ఇక చాలు, ఆపమంటాడనే అనుకున్నాను. ఆయన కండువా సర్దుకుని, పెట్టె వెనుక నేల మీద చతికిలబడి, అక్క చేతిని మెల్లగా తొలగించి, తన రెండు చేతులతో బోర్డును అదిమిపట్టి, అక్కడి నుంచే పాట అందుకున్నాడు. ఆరాధన చివరి ఆశీర్వాదం దాకా లేవలేదు.

బయటికి వచ్చిన తరువాత ఆయన నాయిన భుజం తట్టి, "నువ్వు బోర్డు కట్టలే తమ్మీ, ఎలుకలకు పండుగ విందు వెట్టినవ్" అంటే, నాయిన సిగ్గుపడుతూ నవ్వాడు. వాయించడం ఇంకొకరికి అప్పజెప్పే మాట మళ్లీ ఎన్నడూ ఆయన నోట రాలేదు. ప్లాస్టిక్ గొట్టం ముక్కలు తొడిగిన బోల్టులతో బోర్డును తరువాత నేను స్థిరంగా బిగించాను. అక్క చాలా సంవత్సరాలు వాయించింది. చర్చికి పెద్ద కీబోర్డు వచ్చినప్పుడు తానే లేచి పిల్లలకు చోటిచ్చింది.

తొంభై దాటిన పెదనాయిన కిందటి చలికాలంలో కన్నుమూశాడు. సమాధి దగ్గర ఎవరో ఫోనును స్పీకరుకు కలిపి పాటలు పెట్టారు. ఆ పాటల్లో ఎక్కడా స్వరం జారలేదు, ఏ గొంతూ వణకలేదు. చుట్టూ నిలుచున్నవాళ్లం చేతులు కట్టుకుని విన్నాము. ఇంత మంచి పరికరాలు చేతికందిన కాలాన్ని నిందించే హక్కు, జీవితమంతా పరికరాలతోనే బతికిన నాకు లేదు. అయినా పాట సగంలో అక్క మెల్లగా గొంతు కలిపినప్పుడు, స్పీకరు హోరులో అది పక్కనున్న నాకు తప్ప మరెవరికీ వినిపించలేదు.