బావమరిది వేషం

స్కాట్లండులోని డండీ ఊరి జనపనార మిల్లుల్లో మాట వినబడేది కాదు. మగ్గాల రొద అలాంటిది. నేతపనిలో ఉన్న ఆడవాళ్ళు పెదాలు సాగదీసి, కనుబొమలు ఎగరేసి, వేళ్ళు ఆడించి కబుర్లన్నీ చెప్పుకునేవారు. ఎవరి మొగుడు తాగొచ్చి తలుపు విరగ్గొట్టాడో, ఎవరికి నెల తప్పిందో, చప్పుడు లేకుండానే ఈ వరస నుంచి ఆ వరసకి పాకిపోయేది. అలాంటి చోట మగ్గాలు బాగుచేసే పనికి చేరిన సాండీ సూటర్, నోరు విప్పకుండా మనుషుల్ని నవ్వించడం నేర్చుకున్నాడు. మేస్త్రీ వెనకాలే నడిచేవాడు. ఆ బొజ్జ, ఆ కాళ్ళీడ్పు, ముక్కు ఎగబీల్చే తీరు, అన్నీ ఒక్క క్షణంలో ఒంటికి ఎక్కించుకునేవాడు. మేస్త్రీ వెనక్కి తిరిగేసరికి పానా పట్టుకుని బుద్ధిమంతుడిలా నిలబడి ఉండేవాడు.

ఎల్సీ గౌర్లే ఆ వరసలోనే మగ్గం నడిపేది. నవ్వాపుకోలేక ఎన్నిసార్లు దారం తెంపుకుందో, ఎన్ని తిట్లు తిందో. ఆ నవ్వుకి పడిపోయే అతన్ని పెళ్ళిచేసుకుంది. ఊళ్ళోనే హిల్‌టౌన్ పేటలో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. మూడో అంతస్తు, మెట్ల దగ్గర నాలుగిళ్ళకీ కలిపి ఒకటే మరుగుదొడ్డి. అయినా ఆ రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు లేని పూట లేదు.

పెళ్ళయ్యాక సాండీకి గొంతులు కూడా పట్టుబడ్డాయి. రేడియోలో వార్తలు చదివేవాడు, చర్చిలో దీర్ఘాలు తీసే పాదిరి, ఫుట్‌బాల్ ఆటకి వ్యాఖ్యానం చెప్పేవాడు, లండన్‌లో ఉన్న ప్రధానమంత్రి, అందరూ ఆ ఒక్క గొంతులోంచి దిగొచ్చేవారు. శనివారాలు పనివాళ్ళు చేరి తాగే సోషల్ క్లబ్బుల్లో మిమిక్రీ మొదలుపెట్టాడు. ఒక క్లబ్బు నాలుగు క్లబ్బులైంది. మిల్లు మానేశాడు.

ఎల్సీ మనసు విరగడం ఎక్కడ మొదలైందంటే ఆమెకే సరిగ్గా తెలీదు. చొక్కా కాలర్లతో మొదలై ఉండవచ్చు. ముఖానికి పూసుకున్న రంగు, చెమట, బీరు, సిగరెట్టు పొగ కలిసి కాలరు లోపల జిడ్డులా పేరుకునేవి. ఎంత రుద్దినా ఆ వాసన పోయేది కాదు. క్లబ్బుల్లో వేషం మార్చుకునే గది అంటే మరుగుదొడ్డి పక్కన బీరు పీపాలు పెట్టే కొట్టు. అక్కడే నిలబడి మాంసం కూరిన బ్రైడీలు తినేవాడు. గడ్డం మీద కారిన కొవ్వుని వేలితో తుడిచి, ఆ వేలు నాకి, అదే చేత్తో మైకు పట్టుకునేవాడు.

వీటన్నిటికంటే ఆమెకి రోత పుట్టించింది ఆ చూపు. ఎవరైనా మాట్లాడుతుంటే సాండీ కళ్ళు ఉన్నట్టుండి నిలబడిపోయేవి. పెదాలు సన్నగా కదిలేవి. చెప్పేది వింటున్నాడనుకునేవారు పాపం. పళ్ళన్నీ పీకించుకున్న పొరుగింటి ఇనా పీట్రీ ఏడుస్తూ చిగుళ్ళు చూపిస్తే, వారం తిరక్కుండా ఆ చిగుళ్ళు సాండీ నోట్లో క్లబ్బు వేదిక ఎక్కాయి.

"అది ఇనా కదూ?" అంది ఎల్సీ.

"ఎవరో ముసల్ది. పళ్ళు లేని ముసలాళ్ళు ఈ ఊళ్ళో ఇనా ఒక్కతేనా?" అన్నాడు సాండీ.

ఎల్సీకి ఒక్కడే అన్న, డంకన్. మిల్లులో మూటలు ఎత్తే మనిషి. పెద్ద ఒళ్ళు, పెద్ద గొంతు. మిల్లువాళ్ళంతా ఏడాదికోసారి సముద్రం ఒడ్డుకి షికారు వెళ్ళినప్పుడు అతను పాడితే పక్క రైలు పెట్టెలోవాళ్ళు కూడా కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి వినేవారు. ఒకరోజు మూట భుజానికెత్తుకుంటూ అలాగే కూలిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి ముడుచుకుని రొమ్ముకి అంటుకుపోయింది. నోరు ఓ పక్కకి జారి, ఎప్పుడూ చొంగ కారేది. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది.

"అదీ సంగతి."

ఆకలేస్తే అదే మాట. చలేస్తే అదే. చెల్లెల్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా, అదే.

సాండీ రోజూ ఆసుపత్రికి వెళ్ళాడు. మంచం పక్కన గంటలకొద్దీ కూర్చున్నాడు. సూపు పట్టాడు, మూతి తుడిచాడు. "నీ మొగుడు దేవుడే తల్లీ. సొంత తమ్ముడు కూడా అంత చెయ్యడు," అంది ఇనా. ఎల్సీ కూడా అలాగే అనుకుంది. కాలర్ల సంగతి, చిగుళ్ళ సంగతి మర్చిపోయి, చాలా కాలానికి మొగుడి మీద మనసు కరిగింది. ఆ వారం అతనికి ఇష్టమని కీమా, బంగాళాదుంపలు వండిపెట్టింది. శనివారం లాకీ క్లబ్బులో కార్యక్రమం ఉంటే తనూ వస్తానంది.

"ఎందుకులే, అలిసిపోయి ఉన్నావు," అన్నాడు సాండీ. అయినా వెళ్ళింది.

వేదిక మీద సాండీ ముందు పాదిరి అయ్యాడు. ప్రధానమంత్రి అయ్యాడు. తర్వాత కుర్చీ ఒకటి తెప్పించుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి మెల్లగా పైకి లేచి రొమ్ముకి అంటుకుంది. నోరు జారింది. చెంచాతో సూపు తాగుతున్నట్టు నటించాడు. చెంచా చెంప మీదికి పోయింది, చెవి దగ్గరికి పోయింది. గడ్డం మీద నిజంగానే చొంగ కార్చాడు. ముందు వరసలో ఎవడో "ఏరా తాతా, రుచిగా ఉందా?" అని అరిచాడు.

"అదీ సంగతి," అన్నాడు సాండీ.

హాలు విరగబడి నవ్వింది. ఎల్సీ పక్కన కూర్చున్న ఆడమనిషి నోట్లో ఉన్న మాంసం ముక్కలు బల్లమీద పడేలా నవ్వి, "చచ్చిపోతున్నానే తల్లీ!" అంటూ ఎల్సీ భుజం చరిచింది. ఎల్సీ లేచి మరుగుదొడ్డికి పరిగెత్తింది. తిన్నదంతా కక్కుకుంది. గోడ అవతల హాలు ఇంకా నవ్వుతూనే ఉంది.

ఇంటికొచ్చాక అడిగింది.

"అందుకేనా రోజూ వెళ్ళింది?"

"వాడి కోసమూ వెళ్ళాను, దీని కోసమూ వెళ్ళాను. వాడంటే ప్రేమ లేదంటావా?"

"మూతి తుడుస్తూ నేర్చుకున్నావా, సాండీ? తుడవక ముందే నేర్చుకున్నావా?"

"వాళ్ళు నవ్వారు ఎల్సీ. నువ్వు చూళ్ళేదు, బయటికెళ్ళిపోయావు. ఇన్నేళ్ళలో ఎవరూ అంత నవ్వలేదు." అతని మొహంలో సిగ్గు కాదు, పండగ ఉంది. ఆమె మంచం వదిలేసి వంటగదిలో కుర్చీలో పడుకుంది.

ఆ మాట ఊరంతా అంటుకుంది. బస్సు కండక్టరు టికెట్టు చింపి "అదీ సంగతి" అనేవాడు. మాంసం కొట్టువాడు పొట్లం కట్టి అదే అనేవాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన డంకన్ కర్ర పట్టుకుని వీధిలోకి వెళితే పిల్లలు చెయ్యి ముడుచుకుని వెంటపడ్డారు. తన మాట తన వెనకాల అంత గట్టిగా ఎందుకు వినబడుతోందో డంకన్‌కి మొదట అర్థం కాలేదు. తెలిశాక చెల్లెలి దగ్గరికొచ్చాడు. కిటికీలోంచి కర్రతో ఎదురు గోడ మీది సాండీ కార్యక్రమం పోస్టరు చూపించాడు, తన రొమ్ము చూపించుకున్నాడు, మళ్ళీ పోస్టరు చూపించాడు.

"వద్దు డంకన్. నీకు దండం పెడతాను, అక్కడికి రావద్దు," అంది ఎల్సీ.

కర్ర నేలకేసి కొట్టాడు. తీసుకెళ్ళక తప్పలేదు.

అతన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. గుర్తుపట్టినవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. సాండీ కుర్చీలో కూర్చుని, కింద బావమరిదిని చూసి, ఒక్క క్షణం ఆగాడు. ఇప్పుడు మానేస్తాడు అనుకుంది ఎల్సీ. అతను మానలేదు. చెయ్యి లేచింది. నోరు జారింది. జనం ఒకసారి వేదికకేసి, ఒకసారి డంకన్‌కేసి తలలు తిప్పుతూ, పోల్చి చూసుకుంటూ నవ్వారు.

డంకన్ లేచాడు. కాలీడ్చుకుంటూ వేదిక మెట్లెక్కాడు. హాల్లో నవ్వు చప్పబడింది. కొడతాడనుకుంది ఎల్సీ. కొట్టాలని ఆమె ఒళ్ళంతా కోరుకుంది. డంకన్ కర్ర కుర్చీకి ఆనించి, బాగున్న ఎడమచేత్తో సాండీ ముడుచుకున్న చెయ్యి అందుకున్నాడు. బొటనవేలిని లోపలికి మడిచి, మిగతా వేళ్ళు దాని మీదికి వంచాడు. మణికట్టు కాస్త కిందికి తిప్పాడు. ఒక అడుగు వెనక్కేసి చూశాడు.

"అదీ సంగతి," అన్నాడు.

జనం కుర్చీలెక్కి చప్పట్లు కొట్టారు. డంకన్ తడిగా, గురగురమంటూ నవ్వుతూ, చొంగ కారుస్తూ, అటూ ఇటూ తిరిగి వంగి నమస్కారాలు పెట్టాడు. ఎల్సీ తల దించుకుని చేతుల్లోకి చూసుకుంది. ఆ రాత్రి ఆమెకి మొగుడి మీద పుట్టిన అసహ్యం కంటే అన్న మీద పుట్టిందే ఎక్కువ.

ఆ తర్వాత ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. రెండు కుర్చీలు, రెండు సూపు గిన్నెలు. పెర్త్, అబర్డీన్, వేసవిలో సముద్రపుటూళ్ళు. డాక్టరు మద్యం ముట్టొద్దని డంకన్‌కి గట్టిగా చెప్పాడు. కానీ ప్రతి క్లబ్బులోనూ అతని ముందు విస్కీ గ్లాసులు వరసకట్టేవి. తాగి తడుపుకుని తెల్లారగట్ల ఇంటికొస్తే ఎల్సీయే బట్టలు విప్పి, కడిగి, పడుకోబెట్టేది.

"వాణ్ణి చంపుతున్నావు సాండీ," అనేది.

"ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని చావమంటావా? ఓసారి వాడి మొహం చూడు. అడుగు వాణ్ణే."

అడిగింది ఒకసారి. తడిగుడ్డ చేతిలో పట్టుకుని, "నీకిది బాగుందా డంకన్? నిజం చెప్పు, బాగుందా?" అని. అతను కళ్ళు వెలిగించుకుని ఉన్న ఒక్క మాటా అన్నాడు. అందులో అవునుందో, కాదుందో ఆమె ఎంత వెతికినా దొరకలేదు. సంతోషంగానే ఉన్నాడని లోలోపల ఆమెకి తెలుసు. తడిగుడ్డతో అతని గడ్డం మరీ గట్టిగా తుడిచింది.

డంకన్ ఓ చలికాలంలో పోయాడు. సమాధి దగ్గర ఎల్సీ గొంతు దాటి ఏడుపు రాకుండా మెడగుడ్డ కొస పళ్ళ మధ్య పెట్టి కరుచుకుంది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. అలా తలెత్తేసరికి గుంటకి అవతలి పక్క సాండీ కనిపించాడు. కళ్ళు నిలబడిపోయి ఉన్నాయి. పెదాలు సన్నగా కదులుతున్నాయి. ఎల్సీ ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. మెడగుడ్డ కొస నోట్లోంచి తీసి కోటులోపలికి దోపుకుంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, వాటి వెనకాలే క్లబ్బులు కూడా. జనం ఇళ్ళలో టీవీల ముందు కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. సాండీ కూడా టీవీలో ఒకటి రెండుసార్లు కనబడ్డాడు. అయితే కాలం మారింది. అవిటివాణ్ణి వెక్కిరించి బతికాడని పత్రికల్లో రాశారు. దాని గురించి అడగడానికే గ్లాస్గోలో ఓ టీవీ కార్యక్రమానికి పిలిచారు. ఎల్సీ, ఇనా కలిసి ఇంట్లో చూశారు.

ప్రశ్నలడిగే అమ్మాయి నెమ్మదిగా, "మీ బావమరిది గుర్తొస్తుంటారా?" అంది.

 సాండీ తల వంచుకున్నాడు. జేబురుమాలు తీసి, దాని కొస పళ్ళ మధ్య పెట్టి కరుచుకున్నాడు. చప్పుడు లేదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి.

"అయ్యో పాపం! ఎంత మెత్తని మనసే నీ మొగుడిది," అంది ఇనా, కట్టుడుపళ్ళ మధ్య నుంచి ముక్కు చీదుతూ. ఎల్సీ లేచి టీవీ ఆపేసింది.

మర్నాడు సాయంత్రం అతను హుషారుగా చేపా, చిప్సూ పొట్లాలు పట్టుకుని వచ్చాడు. వెనిగర్ వాసన మెట్ల మీంచే తెలిసింది.

"చూశావా?"

"చూశాను. ఆ ఏడుపు నాది, సాండీ."

అతను ఒక్క క్షణం ఆమెకేసి చూశాడు. తర్వాత మొహం విప్పారింది. "గుర్తుపట్టావూ? నిజంగా? బాగా వచ్చింది కదూ?"

ఎల్సీ తన పొట్లం విప్పలేదు.  వారంలోపల పెట్టె సర్దుకుని ఆర్బ్రోత్ అనే సముద్రపుటూరికి వెళ్ళిపోయింది. రేవు దగ్గర చేపలకి పొగబెట్టే షెడ్డులో పని దొరికింది. చేతులు, జుట్టు, దుప్పట్లు, అన్నీ పొగవాసన, చేపవాసన. ఆ వాసన ఆమెకి ఎప్పుడూ వెగటు పుట్టించలేదు. సాండీ కొత్తగా తెరిచే కార్పెట్ల దుకాణాల ముందు రిబ్బన్లు కత్తిరిస్తూ, పిల్లల నాటకాల్లో ఆడవేషం వేస్తూ ఇంకొన్నేళ్ళు నెట్టుకొచ్చాడు. పోయాడని ఇనా ఫోన్ చేసి చెప్పింది. ఎల్సీ వెళ్ళలేదు.

ఓ వసంతకాలం మధ్యాహ్నం లాకీ క్లబ్బు కార్యదర్శి హ్యూ క్రైటన్ ఆమెని వెతుక్కుంటూ వచ్చాడు. ఎర్రటి మెడ, బిగుతు కోటు. టీ ఇచ్చింది. బిస్కెట్టు టీలో ముంచి చీకుతూ చెప్పాడు. క్లబ్బు గోడ మీద సాండీ, డంకన్‌ల బొమ్మ ఒకటి పెడుతున్నారట. రెండు కుర్చీలు, రెండు గిన్నెలు. ఆవిడొచ్చి తెర తీస్తే బాగుంటుందట.

ఎల్సీ లోపలికెళ్ళి ఫోటో ఒకటి తెచ్చింది. మిల్లువాళ్ళ షికారులో తీసింది. డంకన్ రైలు మెట్టు మీద నిటారుగా నిలబడి, రెండు చేతులూ చాపి, నోరు బారుగా తెరిచి పాడుతున్నాడు.

"డంకన్ బొమ్మ ఇలా వెయ్యండి. వస్తాను."

క్రైటన్ ఫోటో దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"మనిషి భలే ఉన్నాడమ్మా. కానీ ఇలా వేస్తే ఎవడూ గుర్తుపట్టడు కదా."

"అయితే వెయ్యొద్దు."

"మరి జనం..."

"మీ టోపీ అక్కడుంది," అంది ఎల్సీ.

అతను వెళ్ళాక తలుపు వేసింది. బల్ల మీద సగం కొరికిన బిస్కెట్టు టీ కప్పులో నాని, ఉబ్బి, అడుక్కి జారుతోంది. దాన్ని చెత్తలో పారబోసి, కెటిల్ మళ్ళీ పొయ్యి మీద పెట్టి, నీళ్ళు తెర్లాక జిడ్డు పోయేలా ఆ కప్పు మీద పోసింది.