వసారా గోడ

ఊరి బడిలో అయిదో తరగతితో చదువు ఆపేసిన మేస్త్రీ, నగరంలో చేయని సున్నపు పని లేదు. కోర్టు మెట్ల గోడలు ఆయనవే. నాటకశాల గుమ్మటం పగుళ్లు పూడ్చి వాన చుక్క దిగకుండా చేసిందీ ఆయనే. ఆయన పూసిన గోడలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని జనం అనేవారు. జనం మరిచిపోతే ఆయనే గుర్తు చేసేవాడు.

పాత ఆసుపత్రిని మ్యూజియంగా మారుస్తున్నారు. పనుల అజమాయిషీ ఆయన కూతురిది. ఆమెకది మొదటి పెద్ద ఉద్యోగం. పట్టుబట్టి తండ్రిని పనిలో పెట్టించింది. "వసారా గోడ జోలికి మాత్రం పోకు నాన్నా" అని చెప్పి, జ్వరమొచ్చి రెండు రోజులు ఇంట్లో పడుకుంది. ఈ వయసులో తాను అలసిపోతానని అలా అన్నదనుకున్నాడు మేస్త్రీ. పౌరుషం పొడుచుకొచ్చింది.

ఆమె వచ్చేసరికి వసారా గోడ తెల్లగా మెరుస్తోంది.

"గుడ్డు పెంకులా లేదూ?" అన్నాడు.

ఆమె ముఖం పాలిపోయింది. "పాత పూత మీదే పూశావా నాన్నా? లేక చెక్కేశావా?"

"చెక్కకుండా పూయడానికి నేనేమన్నా నిన్నగాక మొన్న తాపీ పట్టినోడినా? ఇటుక దాకా చెక్కి పారేశా."

"లోపల తమవాళ్లకు ఆపరేషన్ జరుగుతుంటే ఇక్కడ కూర్చున్నవాళ్లు రాసుకున్న రాతలు నాన్నా అవి. మ్యూజియం పెడుతున్నదే వాటి కోసం."

"మాసిన గోడనుకున్నా. నేను ముసలాణ్ణయ్యానని వద్దన్నావనుకున్నా."

"నీకు అన్నీ నీ గురించే" అంది నెమ్మదిగా.

అంతలో పనులు చూడటానికి మ్యూజియం అధికారి వచ్చాడు. గోడను చూసి నిలువునా నీరైపోయాడు.

కూతురు గొంతు సవరించుకుంది. "పాత పూత తేమకు గుల్లబారి దానంతటదే రాలిపోయింది సార్. వేరే దారి లేక కొత్తది పూయించాం."

అధికారి బరువుగా తలూపాడు. ఆ అబద్ధం నిలిస్తే కూతురి ఉద్యోగం నిలుస్తుందని మేస్త్రీకి అర్థమైంది. పంటి బిగువున ఊరుకోబోయాడు. కానీ గట్టి పూతను గుల్ల పూత అంటుంటే వింటూ నిలబడటం ఆయన వల్ల కాలేదు. అది నిజాయితీయో, పొగరో ఆయనకే తెలియదు.

"రాలలేదు సార్. రాయిలా ఉండింది. ఉలి దిగడానికే నాకు పూటంతా పట్టింది. అమ్మాయి వద్దనే చెప్పింది. తప్పు నాది."

అధికారి ఆమె వైపు తిరిగాడు. "మరి మీరు ఇప్పుడు చెప్పిందేమిటి?"

ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీసి అతని చేతిలో పెట్టింది. తండ్రి వైపు చూడకుండానే వసారా దిగి వెళ్లిపోయింది.