తుడవని రెండో వైపు

మా ఎదురు షెడ్డులో కార్లు బాగుచేసే మెకానిక్‌ను వీధంతా 'రెండోసారి' అని పిలుస్తుంది. ఏ బోల్టయినా ఒకసారి బిగించి, అడుగు వెనక్కి వేసి, మళ్లీ వచ్చి బిగిస్తాడు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లినవాడు తిరిగొచ్చి తాళం లాగి చూసుకుంటాడు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఒక్కనాడూ సరాసరి వెళ్లిపోలేదు.

తమ్ముడు పూర్తిగా వేరు. అతన్ని 'జోరు' అనేవాళ్లం. గిన్నెలు తోమమంటే లోపల తళతళలాడించి, అడుగు మసి అలాగే వదిలేసేవాడని వాళ్లమ్మ నా దగ్గర ఎన్నిసార్లు మొత్తుకుందో! పెద్దయ్యాక తన పాత కారుకు వేగం పెంచే చిప్పు ఒకటి తెచ్చి, అన్నను ముట్టుకోనివ్వకుండా తనే అమర్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఇంజను గొంతే మారిపోయింది. ఆ కారు మలుపు తిరగకముందే, వస్తున్నది ఎవరో వీధికి తెలిసిపోయేది. ఏడాది తిరక్కుండా కాలేయం చెడి, ముప్పై తొమ్మిదేళ్లకే మంచం మీదే పోయాడు.

కారు భార్యకు మిగిలింది. కిడ్నీలు పాడై రక్తం శుద్ధి చేయించుకునే ముగ్గురు ముసలివాళ్లను వారానికి మూడు రోజులు ఆసుపత్రికి చేర్చి, మళ్లీ ఇళ్లకు దింపే పని ఆమె సంపాదించుకుంది. నెల కాకముందే కారుకు జబ్బు పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. పది నిమిషాలు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

మన 'రెండోసారి' ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు పంపు మార్చాడు, వైర్లన్నీ విప్పి మళ్లీ వేశాడు. మూడు వారాలు గడిచాయి. నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని అంతా చూస్తూనే ఉన్నాను. ముందు సీట్లో కాళ్లు పెట్టుకునే చోటుకు పైన ఉన్న రేకు పెట్టె జోలికి మాత్రం అతను పోవడం లేదు. ఇంజనుకు ఎప్పుడు ఎంత పెట్రోలు ఇవ్వాలో చెప్పే కంప్యూటర్ అందులోనే ఉంటుందట. చిప్పు కూడా అందులోనే.

ఉండబట్టలేక అడిగేశాను. "ఆ పెట్టె ఎందుకు తెరవవు నాయనా?"

"అందులో ఏమీ లేదు పిన్నిగారూ."

"ఏమీ లేకపోతే తెరవడానికేం?"

అతను పానా తీసుకుని ఇంజను వైపు వెళ్లిపోయాడు. పెట్టెకు చుట్టూ నల్లటేపు, తమ్ముడు పళ్లతో తుంచి అంటించింది, అలాగే ఉంది.

ఆ శుక్రవారం నాలుగు రోడ్ల కూడలి మధ్యలో కారు ఆగింది. వెనక వస్తున్న బస్సు జానెడు దూరంలో బ్రేకు వేసి నిలబడింది. కారులో ముగ్గురు రోగులూ ఉన్నారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్లు చెప్పేశారు.

శనివారం పొద్దున్నే ఆమె షెడ్డుకు వచ్చింది.

"బావగారూ, సోమవారం వాళ్లను ఎక్కించుకోవాలి. ఎక్కించుకోనా, వద్దా? మీరే చెప్పండి."

అతను ఇంజను స్టార్ట్ చేయించి, స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కో భాగాన్నీ మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. చివరికి రేకు పెట్టెను తట్టాడు. ఇంజను దగ్గింది. అతని అలవాటే కదా, రెండోసారి తట్టాడు. ఇంజను ఆగిపోయింది.

బ్యాటరీ తీగ విప్పి, టేపును గోరుతో నెమ్మదిగా ఒలిచి, పెట్టె తెరిచాడు. నేనూ తల దూర్చాను. లోపలి పలక అంచున దువ్వెన పళ్లలాంటి రాగి గీతలు పైనా కిందా ఉన్నాయి. తడి తగలకుండా వాటికి ఫ్యాక్టరీలోనే వార్నిషు పూస్తారట. అది రెండు వైపులా శుభ్రంగా గీకి, బట్టల క్లిప్పులా చిప్పును తగిలించాలట. పై వైపు మెరుస్తోంది. కింది వైపు వార్నిషు సగానికి సగం అలాగే ఉంది. బండి కుదుపుకు చిప్పు కదిలినప్పుడల్లా కంప్యూటర్‌కు మతి పోతోంది.

"అడుగు తోమలేదు వీడు," అన్నాడు అన్న.

ఆమె అడిగింది. "ఇప్పుడు గీకి పెడితే ఆగదా?"

"ఆగకపోవచ్చమ్మా."

"ఆగకపోవచ్చా, ఆగదా బావగారూ?"

"చిప్పు ఉంటే ఒట్టు వేయలేను. తీసేస్తే కంప్యూటర్ కంపెనీ పెట్టిన లెక్కతోనే నడుపుతుంది, అప్పుడు వేస్తాను."

ఆమె కారు పైకప్పు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. "తీసేయండి," అంది చివరికి.

చిప్పు తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాన్ని చీర కొంగులో ముడి వేసుకుంది. ఈసారి స్టార్ట్ చేస్తే ఇంజను మామూలుగా, మెత్తగా పలికింది. అన్ని కార్లలాగే ఉంది ఆ గొంతు. మా ముగ్గురిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

అతను పెట్టె మూత పెడుతున్నాడు.

"కింది వైపు గీకవా? అలా వదిలేస్తే నీకు ముద్ద దిగుతుందా?" అన్నాను.

"దాంతో ఇక పని లేదు పిన్నిగారూ. వాడు వదిలేసింది, ఉండనివ్వండి." ఒక్కసారే బిగించి లేచాడు.

సోమవారం పొద్దున కారు మా ముందు నుంచి వెళ్లింది. ఆ పాత చప్పుడు లేదు గనక కళ్లతో చూస్తేనే తెలిసింది. షెడ్డు తెరిచే ఉంది గానీ, ఆ రోజు అతను పనేమీ పట్టలేదు. సాయంత్రం ముగ్గురినీ దింపేసి ఆమె ఖాళీ కారుతో తిరిగొచ్చేదాకా, పొద్దున వెళ్తుంటే ఒకసారి చూసిన కారును రెండోసారి కూడా చూసుకోవాలి గనక, గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.