నారు చచ్చింది మా అక్క చేతి వల్ల కాదు

మా ఊళ్ళో ఇప్పటికీ మా అక్క చెయ్యి మంచిది కాదంటారు. ఆ మాట పుట్టడానికి కారణం నేను.

మాది నిజామాబాద్ జిల్లా వర్ని దగ్గర ఊరు. పసుపు పెట్టినా, మిరప నారు పోసినా మొదటి విత్తనం మంచి చెయ్యి ఉన్నవాళ్ళతో వేయించడం మావాళ్ళ అలవాటు. అక్కకు ఆ పేరు చిన్నప్పుడే వచ్చింది. పెళ్ళయి బోధన్ వెళ్ళాక కూడా తొలి వానలు పడగానే ఎవరో ఒకరు బండి వేసుకుని ఆమె కోసం వెళ్ళేవారు. బావ నవ్వేవాడు: "మీ ఊరోళ్ళు పిల్లనైతే ఇచ్చిండ్రు గని, చెయ్యి మాత్రం ఇయ్యలే."

కాలేయం చెడిపోయి బావ చనిపోయాడు. మంచంలో ఉన్నన్నాళ్ళూ అక్కే మందులు వేసింది, అక్కే తినిపించింది. ఆ తర్వాత బతుకుదెరువు కోసం నా దగ్గరికి వచ్చింది. అప్పటికి మా వైపు చెరకు తగ్గి మిరప పెరిగింది. నేను ఎండ ఆపే షేడ్‌నెట్ వల కట్టి, దాని కింద నర్సరీ మొదలుపెట్టాను. రైతులు గింజలు తెచ్చిస్తే ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, నారు పెంచి ఇవ్వాలి. భర్త పోయిన మనిషితో గింజ వేయించడానికి కొందరు వెనకాడితే నేనే ఒప్పించాను. గింజలు వేసే రోజు అక్క తలస్నానం చేసి వచ్చి, ట్రేలోని ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క గింజ, పాపాయికి ఉగ్గు పెట్టినంత మెల్లగా పెట్టింది.

కొబ్బరి పొట్టు ఇటుకల్లా నొక్కి అమ్ముతారు. నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. అందులో ఉప్పు ఉంటుంది కనుక నీళ్ళు మార్చి మార్చి కడగాలి. ఆ పని నాది. ఆ వారం బోరు నీళ్ళు సరిగా పోయలేదు, రైతులు తొందరపెట్టారు. ఒక్కసారి నానబెట్టి, పిండి, ట్రేలకు ఎత్తేశాను.

"మంచిగ కడిగినవా తమ్మీ?" అని గింజ వేసే ముందు అక్క అడిగింది.

"కడిగిన" అన్నాను.

గింజలు మొలిచాయి. రెండాకులు విచ్చుకున్నాక అంచులు మాడసాగాయి. ఎండదెబ్బ అనుకుని నీళ్ళు ఎక్కువ పోశాను. దాంతో మొదళ్ళు నల్లబడి నారు పడుకుంది. అక్క పొద్దున్నే వచ్చి, పడిన మొలకలను వేళ్ళతో లేపి నిలబెట్టేది. వేళ్ళు తీయగానే అవి మళ్ళీ పడిపోయేవి. ట్రే కింద కారిన నీళ్ళు నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా ఉన్నాయి.

గింజలిచ్చిన రైతులు వచ్చారు. నేను నోరు తెరిచేలోపే ఒకాయన ట్రే ఎత్తి చూసి, "నీ నర్సరీది తప్పు గాదన్నా. మొగుణ్ణి మింగిన చెయ్యి గింజను బతుకనిస్తదా?" అన్నాడు.

"నేను ముందుగాలనే చెప్పిన. ఇంటే గద" అన్నాడు ఇంకొకాయన.

నర్సరీది తప్పు కాదు అన్న మాట నా చెవిలో ఆగిపోయింది. అక్క షేడ్‌నెట్ గుంజ పట్టుకుని నా వైపే చూస్తోంది.

"ఇంకోపాలి పోద్దాం. ఈపాలి మా ఇంటామెతోని ఏపిస్త" అన్నాను.

మిగిలిన పొట్టును ఎవరూ లేనప్పుడు కాలువ దగ్గరికి తీసుకెళ్ళి బాగా కడిగాను. నా భార్య గింజలు వేసింది. నారు దట్టంగా లేచింది. ఇక ఊరికి వేరే రుజువు అక్కర్లేకపోయింది.

అక్క నిజామాబాద్ వెళ్ళి, కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్‌లో ఊడ్చే పనికి కుదిరింది. నేను అప్పుడప్పుడు వెళ్ళేవాణ్ణి. ఆమె గది ముందు ఒక్క మొక్క ఉండేది కాదు. పాలు తోడు పెట్టడానికి కూడా పక్కింటామెను పిలిచేది. ఎందుకని నేను అడగలేదు.

మొన్న వేసవిలో ఆమె గది మెట్ల మీద కూచుని అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"అంటే నా చెయ్యి గాదా?" అంది.

"కాదక్కా."

"మరి మీ బావ?"

నాకు అర్థం కాలేదు.

"గా మందులన్నీ నేనే ఏస్తి గద. నా చేత్తోని ఏసినందుకే పనిజెయ్యలే అనుకున్న. ఇంకెవరితోనన్న ఏపిస్తే బతుకుతుండెనేమో అని... ఇన్నేండ్లు."

"లివర్ ఖరాబైందక్కా. డాక్టర్ చెప్పలేదా?"

"డాక్టర్ చెప్పిండు. ఊరు ఇంకోటి చెప్పింది. నువ్వు నా పక్కన నిలవడి ఊకున్నవు. నేనెవల్ని నమ్మాలెరా?"

లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఊరికి తిరిగొచ్చి, ఆ రైతుల ముందే, పొట్టు కడగనిది నేనని చెప్పాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తమ్ముడంటే నువ్వేనే. అక్క మీది మాటను నీ మీదేసుకుంటున్నవ్" అని ఒకాయన నా భుజం తట్టాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. నిజం చెప్పి కూడా నేనే మంచివాణ్ణయ్యాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ ఏడు నా పొలంలో పసుపు పెట్టే ముందు అక్కను పిలవడానికి వెళ్ళాను. మంచినీళ్ళిచ్చింది, పిల్లల గురించి అడిగింది.

"నేను రాను తమ్మీ" అంది చివరికి. "మొలిస్తే సరే. మొలవకపోతే?"

మొలుస్తుందని నేను మాటివ్వలేకపోయాను.