కామరాజు అడిగిన పాట

ఐ.పోలవరం దగ్గర మా రేవులో ఎవరు పోయినా మొదటి కబురు దుర్గమ్మత్తకే వెళ్లేది. పాడె కట్టేవాళ్లు కూడా ఆ తర్వాతే. శవం పక్కన కూర్చుని, పోయినవాళ్ల గుణాలన్నీ రాగం తీసి ఏడవడంలో మా మేనత్తకు సాటి లేరు. అది ఉత్త ఏడుపు కాదు, పాట.

అప్పటికప్పుడు కడుతుందని అందరూ మురిసిపోయేవారు. నేను మాత్రం నమ్మలేదు. ఊళ్లో ఎవరైనా మంచం పట్టారంటే చాలు, అత్త రెండు కొబ్బరిబొండాలు పట్టుకుని పరామర్శకు బయల్దేరేది. ఏం తినాలనుంది, ఎవర్ని చూడాలనుంది అని అడిగేది. మంచం కింద చెప్పుల దాకా అన్నీ చూసుకునేది. ఇంటికొచ్చి రొయ్యలు ఒలుస్తూ కూనిరాగం తీసేది. మనిషి ఉండగానే పాట సిద్ధం. ఈ గుట్టు బయటపడ్డాక, ఆవిడ బొండాలతో వీధిలో కనపడితే ముసలాళ్లు గబుక్కున లేచి కూర్చునేవారు. "మాకు బానే ఉందమ్మా, ఆయ్, నువ్వెళ్లిరా!" అనేవారు.

పోయినవాళ్లను పొగడాలే తప్ప తిట్టకూడదు. తాగొచ్చి రోజూ పెళ్లాన్ని తన్నిన ధర్మరాజు కూడా అత్త నోట బంగారు తండ్రి అయిపోయాడు. ఆ పాట విని, దెబ్బలు తిన్న పెళ్లామే గుండెలు బాదుకుంది. నాకు ఒళ్లు మండింది. అబద్ధానికి అంత అందమెందుకు?

పోయినేడు అత్త మొగుడు కామరాజు మామకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ పడిపోయాయి, నోరు మాత్రం పడిపోలేదు. చావంటే ఆయనకు భయం లేదు. తన పాట ఎలా ఉంటుందోననే బెంగ. నేను కూర తీసుకెళ్లిన ఒకరోజు అడగనే అడిగాడు.

"ఏమే, నాకేం కట్టేవే? ఓసారి పాడు."

"బతికున్నోళ్లకి పాడకూడదయ్యా."

"పోయాక నేనెలా వింటానే?"

నెల రోజులు బతిమాలించుకుని, చివరకు నా ఎదుటే పాడింది.

"గోదారికి ఎదురెళ్లిన గుండె, గుమ్మంలోనే ఆగిందా కామరాజా..."

మామ కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత తెరిచాడు.

"ఇది ధర్మరాజుది. పేరు మార్చేవు."

"ఆయ్, ఆడిదే."

"నాదంటూ ఒక్క ముక్క లేదా?"

అత్త గంజి గిన్నె తీస్తూ, "నలభయ్యేళ్లూ వెతికేను. దొరకలేదు" అంది. మామ గోడవైపు తల తిప్పుకుని ఏడ్చాడు. ఆవిడ చూసింది, తుడవలేదు. ఇంత రాతిగుండె ఏమిటని ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఎగిరాను. అప్పుడు అమ్మ చెప్పింది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట వాళ్ల నాలుగేళ్ల కూతురు విజయ జ్వరంతో తెల్లవారుతుండగా పోయింది. ఆ పూటే మామ కొత్త పడవను నీళ్లలోకి దింపే ముహూర్తం. ముహూర్తంనాడు ఇంట్లో ఏడుపు వినపడితే గంగమ్మ ఆ పడవను తిరిగి రానివ్వదని మావాళ్ల నమ్మకం. అత్త నోరు తెరవబోతే మామ తన తువ్వాలు తీసి ఆమె నోట్లో కుక్కాడు. పిల్లను చాపలో చుట్టి లోపల పెట్టి, రేవుకెళ్లి పడవకు కొబ్బరికాయ కొట్టాడు. సాయంత్రం వచ్చి పిల్లను పూడ్చాక, "ఇప్పుడు ఏడువు" అన్నాడట. అప్పటికి అత్తకు ఏడుపు రాలేదు. ఊళ్లో చావులకు వెళ్లడం ఆ తర్వాతే మొదలైంది.

కార్తీకంలో మామ పోయాడు. రేవంతా వచ్చింది. నిజం చెప్పాలంటే మామ కోసం కాదు, పాట కోసం. మొగుడి కోసం దుర్గమ్మ ఏం కట్టిందోనని. మామ అన్నకొడుకు సుధీర్ ఫోన్‌లో రికార్డు చేయడానికి సిద్ధంగా కూర్చున్నాడు.

అత్త మామ తలాపున కూర్చుంది. ఆయన తువ్వాలు ఒళ్లో పెట్టుకుంది. రాగం ఎత్తుకుంది.

"ఎర్రగాజులు కొంటానన్నానే, చెయ్యి చాపవేమే విజయమ్మా... ఒళ్లు కాలిపోతుందన్నావే, ఇంత చల్లబడ్డావేమే నా తల్లీ..."

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెద్దవాళ్లకు అర్థమై చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గంట గడిచింది. ఆ పాటలో కామరాజు పేరే రాలేదు. పాడె ఎత్తే వేళయింది.

సుధీర్ ఉండబట్టలేక, "పిన్నిగారండీ, బాబాయి గురించి ఒక్క ముక్కైనా అనండి" అన్నాడు.

అత్త శవం ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు ఏడువన్నాడు కదా బాబూ. ఏడుస్తున్నాను."

అని మళ్లీ విజయను పిలవడం మొదలుపెట్టింది.