హసీనా మేడమ్ ఒప్పుకోని ‘సరే’

ఈ ఉదయం వాకిట్లో నీళ్లు చల్లుతుంటే ఎర్రమట్టి వాసన గుప్పుమంది. మా అనంతపురంలో ఆ వాసన తగిలితే అందరూ వాన కోసం పైకి చూస్తారు. నేనూ చూశాను పిల్లలూ, కానీ హెలికాప్టర్ కోసం. మీరెన్నడూ చూడని హసీనా మేడమ్ గుర్తుకొచ్చారు.

రాయదుర్గం దగ్గర ఆసుపత్రిలో నేను ఫోన్ల గదిలో పనిచేసేదాన్ని. ఆ గదికి ఆమె పెద్ద. ప్రాణం మీదికొచ్చిన వాళ్లను బెంగళూరుకు తీసుకుపోయే హెలికాప్టర్‌కు ఆకాశంలో దారి అడగడం మా పని. ఆ దారిలో కొంతమేర యుద్ధవిమానాలు సాధన చేస్తాయి. వాటి కంట్రోల్ గది ఒప్పుకుంటే తప్ప ఇంకెవరూ అటు పోకూడదు. నేను చేరిన రోజున ఆమె పనంతా వివరిస్తే, మన అలవాటు కొద్దీ “సరే మేడమ్” అన్నాను.

“ఆ సరే నాకొద్దు. అర్థమైనా సరే అంటాము, కాకున్నా సరే అంటాము. నేను చెప్పింది నాకు మళ్లీ చెప్పు.”

చెప్పాను. సగం తప్పు. పకపకా నవ్వారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం గంగమ్మ అనే కూలి మనిషికి కాన్పయ్యాక గుండె బలహీనపడింది. బెంగళూరు చేరితేనే బతుకుతుందన్నారు డాక్టరు. అక్కడినుంచి బయల్దేరిన హెలికాప్టర్ చిలమత్తూరు దగ్గర దిగి, దారి దొరికిందనే మా కబురు కోసం ఆగింది. గంగమ్మ భర్త ఓబులేసు పసిబిడ్డనెత్తుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమప్పా, నన్ను చూస్తా నిలబడితే ఏమొస్తాది?” అన్నారు మేడమ్. “దుమ్ము లేస్తే హెలికాప్టర్ దించేవానికి నేల కనపడదు. పోయి నీళ్లు చల్లించు.”

“తాగేకే నీళ్లు లేవు కదా మేడమ్!”

“ఆ తాగేవే చల్లు.”

బిడ్డను నా ఒళ్లో పెట్టి పరిగెత్తాడు. బయట తాగునీటి ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఉన్నారు. “మా ఇంట్లో ఈ పొద్దు చారు లేదులే, తీసుకోప్పా!” అని ఒకామె అరవడం కిటికీలోంచి వినిపించింది.

ఓబులేసు తడికాళ్లతో తిరిగి వచ్చేసరికి కంట్రోల్ గది నుంచి ఫోన్. “సరే సరే, రమ్మనండి” అన్నాడు అవతలి ఆయన స్పీకర్లో.

“సరే అన్నాడు కదక్కా! పిలువు!” అన్నాడు ఓబులేసు. పైలట్‌తో మాట్లాడే ఫోన్ మీదికి నా చెయ్యి పోయింది. మేడమ్ నా చేతిని గట్టిగా పట్టుకున్నారు.

“సార్, ఏ దారి, ఎంత ఎత్తు, ఎప్పటినుంచి? మీ నోటితో ఒకసారి చెప్పండి.”

ఆయన పక్కనెవరినో అడగడం వినిపించింది. తర్వాత, “ఆగండమ్మా. ఒక విమానం ఇంకా దిగలేదు.”

ఓబులేసు నా ఒళ్లోంచి బిడ్డను తీసుకున్నాడు. “నా పెండ్లాము పోతాండాది మేడమ్...”

“తెలుసు నాయనా. ఆ పైలట్‌కేమన్నా అయితే ఆమెను ఎవరు తీసుకుపోతారు?”

ఆమె నా చెయ్యి ఇంకా వదల్లేదు.

మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి ఆయన అన్నీ చెప్పాడు, మేడమ్ ఒక్కొక్కటీ తిరిగి చెప్పారు. నేను పైలట్‌కు చెప్పాను, అతను నాకు తిరిగి చెప్పాడు. తడిసిన నేల మీద హెలికాప్టర్ దుమ్ము లేపకుండా దిగింది. గంగమ్మ బతికింది.

“అంతసేపు ఎట్లా ఆగినారు మేడమ్?” అని ఆ సాయంత్రం అడిగాను.

“దూరంగా ఉండేవాని ముఖం మనకు కనపడదు సుశీలా, మనది వానికి కనపడదు. ఇంక మాట తప్ప నమ్మేకి ఏముండాది?”

ఫోన్లో మీరు “సరే అవ్వా” అని పెట్టేయబోతే, “నేనేం చెప్పినానో చెప్పి పెట్టు” అంటానని విసుక్కుంటారు కదా. వేళకు తినమన్నదీ, బండి మెల్లగా నడపమన్నదీ మీ గొంతులో తిరిగి వినేదాకా, ఎవరో నా చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నట్టుంటుంది.