అద్దంలో చూసి కొన్న పిస్తోలు

ప్రొద్దుటూరులో ఒక్క తూటా కూడా లేకుండా పోలీస్ స్టేషన్ మొత్తాన్ని బల్లల కిందికి పంపిన మనిషి ఎవరని అడిగితే, జనం నేరుగా మా ఇల్లు చూపిస్తారు. నన్ను చూశాక మీరే నమ్మరు. గట్టిగా గాలి వీస్తే కరెంటు స్తంభం పట్టుకుని నిలబడే ఒళ్లు నాది. ఈ వేళ్లు ముక్కుపుడకలో రాయి పొదగడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావు. ఈ వేళ్లతోనే నేను చేసిన ఘనకార్యం చెబుతాను, వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి. మా వీధివాళ్లు ఎప్పుడో నవ్వేశారు.

నాది నగల పని. ఇక్కడ తయారుచేసిన పెళ్లి నగలు సంచిలో పెట్టుకుని జమ్మలమడుగు, పులివెందుల పోయి ఇచ్చి వస్తుంటాను. ఒకసారి పులివెందుల దారిలో మోటారుసైకిల్ మీద ఇద్దరు చాలాసేపు నా వెనకే వచ్చారు. చివరికి వాళ్లు ఏదో పల్లెలోకి తిరిగిపోయారు కానీ, నా గుండె మాత్రం ఇల్లు చేరేదాకా నెమ్మదించలేదు. నగల సంచి పోతే అది నా సొమ్ము పోవడం కాదు, ఎవరో ఆడపిల్ల పెళ్లి ఆగిపోవడం. ఆ తర్వాత నన్ను నమ్మి బంగారం ఇచ్చేవాడు ఉండడు. మా ఆవిడ లక్ష్మీదేవి ఆ రోజు నుంచి నేను నగలిచ్చి తిరిగొచ్చేదాకా ముద్ద ముట్టడం మానేసింది. అందుకని పిస్తోలు లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను.

విచారణకు పిలిచిన ఎస్సై గారు నన్ను పైనుంచి కిందికి చూశారు.

"నీకు ఎవరితోనన్నా గొడవలుండాయా?"

"మా ఇంటామెతో తప్ప ఎవరితోనూ లేవు సార్."

"ఆ గొడవల్లో ఎవరు గెలుస్తారు?"

నేను నేల చూపులు చూశాను. ఇతని చేతికి పిస్తోలు ఇస్తే లోకానికి ప్రమాదం లేదని అప్పుడే తేల్చుకున్నట్టున్నారు. చాలా నెలలు తిరిగాక లైసెన్సు వచ్చింది.

కడపలో తుపాకులు అమ్మే దుకాణానికి పోయాను. నా దగ్గరున్న దుడ్లకు అందేవి ఈ రెండేనని దుకాణం పెద్దాయన రెండు పిస్తోళ్లు బల్లమీద పెట్టాడు. ఒకటి చిన్నది, తేలికది, కొత్తది. చూడటానికి నల్లటి సబ్బుపెట్టెలా ఉంది. రెండోది పాతకాలపుది. పొడుగ్గా, నిగనిగలాడే ఉక్కుతో, చెక్క పిడితో రాజుగారి దర్బారు నుంచి లేచి వచ్చినట్టుంది. ఒక పక్క మెరుగు పోయింది కాబట్టి నాకు అందే ధరకు దిగింది. నా కళ్లు దాన్ని విడిచి రాలేదు.

"దీంట్లో స్ప్రింగు మార్చినాం అప్పా. శానా గట్టిగా ఉంటాది. పైన ఉండే స్లైడు వెనక్కి లాగితేనే తూటా లోపలికి పోయేది. ఒకసారి లాగి చూడు," అన్నాడు పెద్దాయన.

నా పక్కనే మీసాలు మెలితిరిగిన ఆసాములు ఇద్దరు కూర్చుని ఉన్నారు. లాగితే రాకపోతే? వాళ్ల ముందు నా పరువేం కావాలి? అందుకని గోడకున్న అద్దం ముందు నిలబడి, పిస్తోలు పట్టుకుని ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరిగి చూసుకున్నాను.

"ఎందుకులేప్పా, చూస్తేనే తెలుస్తాంది కదా!" అన్నాను.

"అద్దం పిస్తోలును లాగదప్పా," అన్నాడాయన మెల్లగా. బంగారంలాంటి మాట. రోజూ బంగారం ముట్టే నాకు అది తెలియలేదు.

ఇంటికి వస్తే పక్కింటి మస్తాన్ మామ కూడా అదే అడిగాడు. ఆయన పోలీసు తుపాకులు బాగుచేసే పనిలో రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచేయి పట్టు తప్పింది కానీ, కన్ను మాత్రం తప్పలేదు.

"లాగి చూసినావా అల్లుడా?"

"చూడకుండా కొంటానా మామా!" అన్నాను. అబద్ధం చెప్పడంలో మాత్రం నాకు పట్టు బాగా ఉంది.

మర్నాడు పిస్తోలు చూపించి రిజిస్టర్లో రాయించుకోవడానికి స్టేషనుకు పోయాను. నా వైభవం చూస్తానని లక్ష్మీదేవి కూడా వచ్చి వరండాలో కూర్చుంది.

"లోపల ఖాళీగా ఉందని తెరిచి చూపియ్యి," అన్నారు ఎస్సై గారు.

స్లైడు రెండు వేళ్లతో పట్టి లాగాను. రాలేదు. నాలుగు వేళ్లతో లాగాను. రాలేదు. మోకాళ్ల మధ్య ఇరికించి, పళ్లు బిగించి, మా తాతలందరినీ తలచుకుని లాగాను. నేనే ఒక చుట్టు తిరిగాను తప్ప అది కదల్లేదు. నాతోపాటు పిస్తోలు మూతి కూడా స్టేషనంతా తిరిగింది. అది తిరిగిన చోటల్లా కానిస్టేబుళ్లు మాయమవుతున్నారు.

"రేయ్, యాడికి తిప్పుతాండావు! గోడకల్లా పెట్టు!" ఎస్సై గారి గొంతు బీరువా వెనకనుంచి వచ్చింది.

"తూటాల్లేవు సార్!"

"అది తెలుసుకోవాలనే కదప్పా తెరవమనింది!"

బల్లల కిందనుంచి అందరూ బయటికి వచ్చాక ఆయన చెమట తుడుచుకుని, "నీ చేత్తో నువ్వు తెరిస్తేనే సంతకం. లేదంటే లైసెన్సు రద్దు చేయమని పైకి రాస్తా," అన్నారు. లక్ష్మీదేవి పరుగున పోయి మస్తాన్ మామను ఆటోలో తీసుకొచ్చింది.

మామ నాకు కిటుకు చెప్పాడు. "వేళ్ల కొసలతో కాదు అల్లుడా. అరచెయ్యంతా వేసి పట్టుకో. పిడిని ముందుకు తొయ్యి." తోశాను. నా ముఖం ఎర్రబడింది, అంతే.

"సార్, నేనొకసారి చూడొచ్చా?" అంది లక్ష్మీదేవి.

ఎస్సై గారు తలూపారు. ఆమె కొంగు దోపుకుని, మామ చెప్పినట్టే మూతి గోడవైపు పెట్టి, ఒక్క లాగు లాగింది. కటక్! లోపల ఖాళీ.

"లైసెన్సు ఎవరి పేరు మీద ఉందప్పా?" అన్నారు ఎస్సై గారు.

"ఇంట్లో ఊరగాయ సీసా మూతలు గూడా నేనే తీస్తా సార్," అంది మా ఆవిడ వినయంగా.

అందరూ నవ్వారు. మామ మాత్రం నవ్వలేదు. నా భుజం మీద ఎడమచేయి వేసి, "వస్తువు మంచిదే. నీ చేతికి మాత్రం కాదు. రేపు దొంగోడు ఎదురొస్తే, 'ఉండప్పా, మా ఇంటామెను పిల్చుకొస్తా' అంటావా?" అన్నాడు.

ఎస్సై గారు వారం గడువిచ్చి, పిస్తోలు మార్చివ్వమని దుకాణానికి ఒక కాగితం రాసిచ్చారు. మామ అంత ఇబ్బందిలోనూ నాతో కడపకు వచ్చాడు. దుకాణం పెద్దాయన ఒక్క మాట దెప్పకుండా నా దర్బారు పిస్తోలు వెనక్కి తీసుకుని, ఆ సబ్బుపెట్టె ఇచ్చాడు. ఈసారి దుకాణంలోనే పదిసార్లు లాగాను. ఆసాములు చూస్తే చూడనీ అనుకున్నాను. గడువులో మిగిలిన రోజులన్నీ మామ తన అరుగు మీద కూర్చోబెట్టి, ఖాళీ పిస్తోలుతో ఎలా పట్టాలో, ఎటు చూపాలో, అన్నిటికంటే ముందు ఎటు చూపకూడదో నేర్పాడు. తర్వాత స్టేషన్లో ఒక్క లాగుకే తెరిచాను. కానిస్టేబుళ్లు మాత్రం ముందుజాగ్రత్తగా వరండాలోనే నిలబడ్డారు.

దేవుడి దయవల్ల ఇంతవరకు దాన్ని దారిలో బయటికి తీయాల్సిన పని పడలేదు. లక్ష్మీదేవి ఇప్పుడు వేళకు అన్నం తింటోంది. ఆ రోజు నా అబద్ధం ఆపదలో కాకుండా స్టేషన్లో బయటపడినందుకు, చెప్పినా వినని నన్ను విదిలించుకోని ఆ పెద్దాయనకు, ఎస్సై గారికి, అందరికంటే ఎక్కువగా మస్తాన్ మామకు నేను రుణపడి ఉన్నాను.

కనుక పెద్దలందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఏ వస్తువునూ అద్దంలో చూసి కొనను. నా చేత్తో తెరవనిదాన్ని తెరిచానని చెప్పను. ఇదిగో, ఈ ఊరగాయ సీసా మీద చెయ్యి వేసి చెబుతున్నాను.

మూత ఇప్పుడే లక్ష్మీదేవి తీసి ఇచ్చింది.